గంజాయి వికటించిన మనిషికి ముందు వైద్యం చేయండి: విశాఖ అధికారులకు, డాక్టర్లకు బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా యంత్రాంగానికి, నగర పోలీసు ఉన్నతాధికారులకు, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, క్యాజువాల్టీ డాక్టర్లకు, కళాశాలల ప్రిన్సిపాళ్లకు, హాస్టల్ వార్డెన్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. సర్వీసులో ఎక్కువ కాలం క్యాజువాల్టీలోనే గడిచింది. ప్రస్తుతం కంచరపాలెంలో ఉంటున్నాను. గంజాయి తాగో, తినో ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఈ ఊళ్లో వేళకు ఆసుపత్రికి చేరడం లేదు. కేసు పెడతారన్న భయమే వాళ్లను ఆపుతోంది. ఆ భయం పోగొట్టడం మీ చేతుల్లో పని. ఇదే విషయం రాసి, మా వీధివాళ్లం కొందరం సంతకాలు పెట్టి, సంబంధిత చోట్ల అర్జీలు ఇచ్చాం. మీ అర్జీని మరో శాఖకు పంపామని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఆ శాఖకు వెళ్తే అది తమ పరిధి కాదన్నారు. ఎవరి పరిధో తేలేదాకా పిల్లలు ఆగరు కాబట్టి, అందరినీ కలిపి, జనం ఎదుటే అడుగుతున్నాను.

గంజాయి అమ్మేవాళ్లను వదిలేయమని నేను అడగడం లేదు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో గంజాయి తోటలు నరికించారు. తర్వాత మత్తు సరుకును అరికట్టడానికి పోలీసుల్లో ఈగల్ విభాగం వచ్చింది, సమాచారం ఇవ్వడానికి 1972 అనే ఫోన్ నంబరు వచ్చింది. ఆ పని ఇంకా గట్టిగా సాగాలి. పిల్లల చేతికి సరుకు అందించేవాడు జైల్లోనే ఉండాలి. నేను మాట్లాడుతున్నది ఆ సరుకు కడుపులోకి వెళ్లిన తర్వాతి సంగతి. ఆ గంటా రెండు గంటల్లో ఏం జరుగుతుందో, ఎవరు ఏం చేయాలో ఈ నగరంలో ఎక్కడా రాసి లేదు.

ముందు రోగం సంగతి చెబుతాను. గంజాయి పొగ పీలిస్తే నిమిషాల్లో తలకెక్కుతుంది, రెండు మూడు గంటల్లో చాలావరకు దిగుతుంది. తింటే లెక్క వేరు. చాక్లెట్ రూపంలోనో, లడ్డూలోనో, హాష్ ఆయిల్ (గంజాయి నుంచి తీసిన చిక్కటి నూనె) కలిపిన ఇంకేదైనానో తిన్నప్పుడు అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు. పైగా కాలేయంలో అది ఇంకా ఘాటైన పదార్థంగా మారి మెదడుకు చేరుతుంది. ఏమీ కాలేదనుకుని కుర్రాడు రెండోది తింటాడు. తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి, ఆ ప్రభావం ఎనిమిది నుంచి పన్నెండు గంటల వరకు కూడా ఉంటుంది. గుండె దడ, నోరు ఎండిపోవడం, కళ్లు ఎర్రబడటం, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోవడం, వాంతులు, చచ్చిపోతున్నానన్న భయం, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం, లేనివి కనిపించడం. ఒక్క గంజాయే అయితే, పెద్దవాళ్లలో దీంతో ప్రాణం పోవడం అరుదు. విరుగుడు మందంటూ లేదు. వెలుతురు, గోల తక్కువగా ఉన్న చోట పడుకోబెట్టి, ధైర్యం చెప్పి, నాడి, బీపీ, షుగర్, ఈసీజీ చూసి, అవసరమైతే సెలైను, కంగారు తగ్గే ఇంజక్షన్ ఇచ్చి కనిపెట్టుకుని ఉంటే చాలామంది మర్నాటికి లేచి కూర్చుంటారు. ఖరీదైన వైద్యమేమీ కాదు. ఒక మంచం, ఒక నర్సు, అరుపులు లేని నాలుగు మాటలు చాలు.

అయితే అన్నీ ఇలా తేలిగ్గా పోవు. ఛాతీ నొప్పి, ఫిట్స్, జ్వరం, పిలిస్తే పలకకపోవడం, ఆగని వాంతులు, తన ప్రాణమో ఎదుటివాళ్ల ప్రాణమో తీసేలా ప్రవర్తించడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది మత్తే కదా, దిగిపోతుందిలే అని వదలకూడదు. మద్యంతో కలిపి తాగి ఉండొచ్చు, అందులో ఉమ్మెత్తో నిద్రమాత్రలో కలిసి ఉండొచ్చు, పడిపోయినప్పుడు తలకు దెబ్బ తగిలి ఉండొచ్చు. చిన్నపిల్లలు పొరపాటున ఆ చాక్లెట్ తింటే ఇంకా ప్రమాదం. స్పృహ తప్పుతుంది, ఊపిరి మందగిస్తుంది. తేలిగ్గా పోయేదేదో, పోనిదేదో తేల్చాల్సింది డాక్టరు. హాస్టల్ గదిలో భయపడి తలుపు గడియ పెట్టుకున్న స్నేహితులకు అది చేతనయ్యే పని కాదు.

మా ఇంట్లో జరిగింది కూడా చెబుతాను. మా చెల్లెలి కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మధురవాడ వైపు ఒక గదిలో స్నేహితుడి పుట్టినరోజు. ఎవరో చాక్లెట్ ఇచ్చారు. తిన్నాడు. ఏమీ తెలియలేదని ఇంకొకటి తిన్నాడు. రాత్రి పదిన్నర దాటాక గోడలు మీదికి వచ్చేస్తున్నాయని అరవడం మొదలుపెట్టాడట. స్నేహితులు నిమ్మరసం పట్టారు, పెరుగు తినిపించారు, నెత్తిన బిందెతో నీళ్లు పోశారు, ఉప్పునీళ్లు తాగించి కక్కించబోయారు. మగతలో ఉన్నవాడికి ఉప్పునీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఆ పిల్లలకు ఎవరు చెప్పారు కనుక? చివరికి ఆటోలో ఒక ఆసుపత్రి దాకా తెచ్చారు. తెచ్చి, గేటు బయటే ఆగిపోయారు. లోపలికెళ్తే పోలీసులకు పట్టిస్తారని ఒకడు, కాలేజీకి తెలిస్తే టీసీ ఇచ్చి పంపేస్తారని ఇంకొకడు. మావాడి అమ్మకు ఫోన్ చేశారు. ఆవిడ నాకు చెప్పి, నేను వెళ్లేసరికి ఆటో అక్కడే ఉంది. మావాడి నాడి పట్టుకుని చూశాను. నిమిషానికి నూట నలభై దాటింది. పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. "పెద్దమ్మా, నా గుండె ఆగిపోయిందా, చూడు" అంటాడు. లేదు నాన్నా, కొట్టుకుంటోంది అంటాను. ఆ జవాబు చెవిన పడిందో లేదో, మళ్లీ అదే అడుగుతాడు.

లోపలికి తీసుకెళ్లాం. ఏం తిన్నాడని అక్కడివాళ్లు అడిగితే పక్కనున్న కుర్రాడు "బిర్యానీ తిన్నామండి, అదే పడలేదు" అన్నాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెప్పగానే అక్కడి తీరు మారిపోయింది. ఇది పోలీసు కేసు, ఇక్కడ చూడం, పెద్దాసుపత్రికి తీసుకుపొండి అన్నారు. బీపీ పట్టీ చుట్టలేదు, చెయ్యి పట్టుకుని చూడలేదు. అంతసేపు గేటు బయట ఆగిన ఆ కుర్రాళ్లు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. నిజం చెబితే ఏమవుతుందని వాళ్లు భయపడ్డారో అదే జరిగింది. రెండో చోట డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్న వయసువాడు. కేసు ఊసు ఎత్తలేదు. మూలనున్న మంచం మీద పడుకోబెట్టి, ఈసీజీ తీయించి, షుగర్ చూసి, ఒక ఇంజక్షన్ చేయించి, మావాడి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "నీకేం కాదు, ఇది తిన్నదాని వల్ల వచ్చిన భయం, తెల్లారేసరికి తగ్గుతుంది" అని నెమ్మదిగా చెప్పాడు. తెల్లారేసరికి తగ్గింది. మొదటి ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఆ ఒక్క చోట మారితే తీరే సమస్య కాదిది. ఇలా పంపేసిన ఆసుపత్రుల గురించి ఆ తర్వాత మా వీధిలోనే ఇంకొందరు తల్లులు నాకు చెప్పారు.

ఈ భయం వల్ల ఈ ఊరి మామూలు జనానికి జరుగుతున్న నష్టం ఇదీ:

1. ఆలస్యం. తిన్నది గంజాయి అని మొదటి నిమిషంలోనే చెబితే డాక్టరుకు దారి తెలుస్తుంది. బిర్యానీ అనో, ఎండదెబ్బ అనో చెబితే అనవసరమైన పరీక్షలు జరుగుతాయి, అవసరమైనవి ఆగిపోతాయి. అబద్ధానికి కారణం ఆ పిల్లల గుణం కాదు. నిజం చెప్పినవాణ్ణి మనం ఎలా చూస్తున్నామన్నదే కారణం.

2. స్నేహితులు వదిలేసి పారిపోవడం. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతోంది. మత్తులో పడిపోయినవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి గది తాళం వేసి వెళ్లిపోతే, వాంతి గొంతుకడ్డం పడి ప్రాణం పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయడం ఎవరైనా చేయగల పని. ఫోన్ చేసినవాడి పేరే ముందు రాసుకుంటారని తెలిస్తే ఆ ఫోన్ ఎవరు చేస్తారు?

3. గంజాయి ముద్ర. ఇది డాక్టర్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఒక్కసారి తాగినవాడి మూత్రంలో ఆ ఆనవాళ్లు కొన్ని రోజులు ఉంటాయి. రోజూ తాగేవాడిలో నెల దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటాయి. కాబట్టి పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇవాళ్టి జబ్బుకు గంజాయే కారణమని తేలినట్టు కాదు. పోర్టులో లోడింగు పనిచేసే మనిషి జ్వరంతో, అయోమయంతో వస్తే మూత్ర పరీక్ష చూసి గంజాయి కేసని పక్కన పడేస్తే, మెదడువాపు జ్వరమో, తలకు దెబ్బో, షుగర్ పడిపోవడమో కళ్ల ముందే తప్పిపోతుంది. పేదవాడికి, ముఖ్యంగా వెంట మాట్లాడే మనిషి లేనివాడికి, ఈ ముద్ర తొందరగా పడుతుంది.

4. అర్థం కాని వాంతులు. ఏళ్ల తరబడి రోజూ గంజాయి తాగేవాళ్లలో కొందరికి విడవకుండా వాంతులు వస్తాయి. కడుపు మెలిపెట్టి, వేడినీళ్లు పోసుకుంటే తప్ప నెమ్మదించదు. గంటల తరబడి వేడినీళ్ల కింద నిలబడతారు. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు ఈ జబ్బు గురించి మొదట రాశారు. మామూలు వాంతుల ఇంజక్షన్లు చాలాసార్లు పనిచేయవు. గంజాయి మానడమే మందు. కుర్రాడు చెప్పడు, డాక్టరు అడగడు. గ్యాస్ అనుకుని ఇంజక్షన్, అల్సర్ అనుకుని ఎండోస్కోపీ, ఇంకేమో అనుకుని స్కానింగ్. ఆటో నడిపి, చేపలు అమ్మి కూడబెట్టిన డబ్బు అలా ఖర్చయిపోతుంది. విడిగా కూర్చోబెట్టి, తిట్టకుండా "గంజాయి అలవాటుందా బాబూ, వేడినీళ్లు పోసుకుంటే తగ్గుతోందా" అని అడిగితే బయటపడే విషయమిది.

5. గాలి సోకిందనుకోవడం. కొందరిలో భ్రమలు, అనుమానాలు ఒక రాత్రితో పోవు. రెండు రోజులు దాటినా నిద్ర లేకుండా, తనలో తానే మాట్లాడుకుంటూ, టీవీలో తన గురించే చెబుతున్నారంటూ ఉంటే అది మానసిక వైద్యుడు చూడాల్సిన జబ్బు. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ ఘాటైన సరుకు వాడేవాళ్లకు, ఇంట్లో అలాంటి జబ్బు ఉన్నవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. కేసు భయంతో ఆసుపత్రికి తీసుకురాలేక తాయెత్తులు కట్టించి, మంత్రాలు వేయించి నెలలు గడిపేస్తున్నారు. వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది.

దీనికి చట్టం అడ్డొస్తుందని నాతో అన్నవాళ్లున్నారు. చట్టం ఏం చెబుతోందో నాకు తెలిసినంత వరకు చదివి, తెలిసిన న్యాయవాదిని అడిగి రాస్తున్నాను.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, అమ్మేవాణ్ణి, వాడేవాణ్ణి ఒకే గాటన కట్టలేదు. 20 కిలోలకు మించిన గంజాయితో దొరికితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల శిక్ష. వాడినందుకు 27వ సెక్షన్ కింద గరిష్ఠంగా ఆరు నెలలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. అలవాటుపడినవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి వచ్చి, దాన్ని పూర్తి చేస్తే, వాడినందుకు, కొద్దిపాటి సరుకు ఉన్నందుకు ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

ఇక్కడే ఒక సందు ఉంది. దయచేసి గమనించండి. ఈ రక్షణ వ్యసనపరుడికి రాసింది, మాన్పించే వైద్యానికి రాసింది. పుట్టినరోజు పార్టీలో తెలిసో తెలియకో ఒక చాక్లెట్ తిని క్యాజువాల్టీకి వచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు వ్యసనపరుడు కాడు. మాన్పించడానికి వాడికి అలవాటే లేదు. ఏళ్లుగా తాగేవాడికి చట్టంలో దారి ఉండి, మొదటిసారి తిని భయపడినవాడికి లేకపోవడం ఏం న్యాయం? చట్టం మార్చడం మీ చేతిలో లేదని నాకు తెలుసు. వైద్యం కోసం వచ్చిన మనిషిని ఎలా చూడాలో, మీ శ్రద్ధంతా సరుకు అమ్మినవాడి మీద ఎలా పెట్టాలో కింది సిబ్బందికి లిఖితపూర్వకంగా చెప్పడం మాత్రం మీ చేతిలో ఉంది.

ఆసుపత్రుల విషయంలో ఆ సందు కూడా లేదు. ప్రాణాపాయంలో వచ్చిన మనిషికి ముందు వైద్యం చేయాలి, పోలీసు లాంఛనాలు ఆ తర్వాతే అని పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చి చెప్పింది. ఆ మాట ప్రభుత్వ డాక్టరుకు, ప్రైవేటు డాక్టరుకు ఒకేలా వర్తిస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, మత్తుపదార్థాల వాడకంతో వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక జబ్బు కిందికే వస్తాయి. అంటే ఆ రోగి వివరాలు గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. శరీర జబ్బుకు అంబులెన్సు ఎలా వస్తుందో దీనికీ అలాగే రావాలి. అత్యవసరమైతే సైకియాట్రిస్టే ఉండనక్కర్లేదు. ప్రాణానికి ముప్పున్నప్పుడు ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా, దగ్గర మనిషి ఉంటే వారి సమ్మతితో, 72 గంటల దాకా అత్యవసర వైద్యం చేయొచ్చని 94వ సెక్షన్ చెబుతోంది. మా దగ్గర మెంటల్ డాక్టరు లేరు, చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకుపొండి అని గేటు దగ్గరే పంపేయడానికి ఈ చట్టంలో చోటు లేదు. పోలీసులకు కూడా ఒక మాట: మానసిక జబ్బుతో ఉండి మీ రక్షణలోకి వచ్చిన మనిషిని లాకప్‌లో పెట్టకూడదని, ఆసుపత్రికి చేర్చాలని అదే చట్టంలో ఉంది.

2019లో కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ ఇచ్చిన సర్వే నివేదికలో, దేశంలో గంజాయి, భంగు వంటివాటి వాడకం వల్ల సమస్యల్లో పడి సాయం అవసరమైనవాళ్లు 72 లక్షల మంది దాకా ఉన్నారని అంచనా వేశారు. మన్యం కొండలు, పోర్టు, రైల్వే జంక్షన్, నాలుగు దిక్కులా కాలేజీలు, హాస్టళ్లు ఉన్న ఊరు మనది. ఉత్తరాంధ్ర మొత్తానికే కాదు, ఒడిశా సరిహద్దు ఊళ్లకు కూడా పెద్దాసుపత్రి మన కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి. ఇక్కడ ఒక పద్ధతి ఏర్పడితే అది శ్రీకాకుళం నుంచి పాడేరు దాకా ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

కాబట్టి మేము అడుగుతున్నవి:

1. వైద్యం కోసం వచ్చిన మనిషి మీద, తీసుకొచ్చిన స్నేహితుల మీద, 108కి ఫోన్ చేసినవాళ్ల మీద వాడకం కేసు పెట్టడం లక్ష్యం కాకూడదని నగర పోలీసులు రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి. న్యాయ సలహా తీసుకునే ఇవ్వండి. అమ్మకందారు ఎవరని అడగాల్సి వస్తే మనిషి కోలుకున్నాక, ఇంటివాళ్ల సమక్షంలో అడగండి. మంచం పక్కన నిలబడి అడగకండి. ఆ ఆదేశాన్ని తెలుగులో ప్రకటించండి. ఫైల్లో ఉండిపోతే దాని వల్ల ఉపయోగం లేదు.

2. ప్రతి క్యాజువాల్టీ గుమ్మం దగ్గర, రోగి కంటికి కనిపించే ఎత్తులో ఒక బోర్డు: "మీరు ఏం తిన్నారో, ఏం తాగారో నిజం చెప్పండి. ముందు వైద్యం చేస్తాం. మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం." తెలుగుతో పాటు హిందీ, ఒడియాల్లో కూడా ఉండాలి. బయటి రాష్ట్రాల విద్యార్థులు, కూలీలు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు.

3. గంజాయి వికటించి వచ్చినవాళ్లకు ఏ వరుసలో ఏం చేయాలో ఒక పేజీలో జిల్లా వైద్య ఆరోగ్య శాఖ తయారుచేసి అన్ని ఆసుపత్రులకు, నర్సింగ్ హోములకు, 108 సిబ్బందికి ఇవ్వాలి. ఆంధ్రా మెడికల్ కాలేజీలో దీన్ని రాయగల పెద్దలున్నారు. అందులో నాలుగు సంగతులు తప్పక ఉండాలి: తిన్నవాణ్ణి, పొగ తాగినవాడికంటే ఎక్కువసేపు కనిపెట్టుకుని ఉండాలి, మూత్ర పరీక్ష పాజిటివ్ అయినా జ్వరం, షుగర్, తలదెబ్బ చూడాలి, మంచానికి కట్టేయడం, కొట్టడం, నలుగురిలో తిట్టడం కూడదు, ఇంటికి పంపేటప్పుడు మళ్లీ ఎప్పుడు, ఎక్కడికి రావాలో రాసివ్వాలి.

4. గంజాయి వద్దని చెప్పే పోస్టర్ల మీద, పోలీసులకు సమాచారం ఇవ్వాల్సిన నంబరుతో పాటు సాయం అడగాల్సిన నంబర్లు కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి. నేను చూసిన పోస్టర్లలో మొదటిది ఉంది, రెండోవి లేవు. ప్రాణం మీదికి వస్తే 108. మాట్లాడే మనిషి కావాలంటే టెలీ మానస్ 14416. అలవాటు మానడానికి 14446. 1972 పోలీసుల నంబరు. కంగారులో ఉన్న తల్లికి ఏది దేనికో తెలియదు, ఏ నంబరు చూసినా పోలీసులదే అనుకుని ఫోన్ పెట్టేస్తుంది.

5. కాలేజీలు, హాస్టళ్లు: తోటి విద్యార్థికి బాగోలేదని చెప్పినవాడి మీద గానీ, వైద్యానికి వెళ్లినవాడి మీద గానీ సస్పెన్షన్, టీసీ ఉండవని ప్రిన్సిపాళ్లు చదువుల మొదట్లోనే ప్రకటించాలి. హాస్టల్‌లో అమ్మకం చేసినవాడి విషయం వేరు, వాణ్ణి పోలీసులకు అప్పగించండి. వార్డెన్లకు మూడు పనులు నేర్పించండి: పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఒంటరిగా వదలకపోవడం, 108కి ఫోన్ చేయడం. నిమ్మరసం, ఉప్పునీళ్లు, చెంపదెబ్బలు వద్దని చెప్పండి. ఇది ఒక పూట పని. పిలిస్తే నేనే వచ్చి నేర్పుతాను, నాలాంటి రిటైర్డ్ నర్సులు ఇంకా ఉన్నారు, డబ్బు అడగం.

6. 64ఏ కింద రక్షణ వర్తించే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చికిత్సా కేంద్రాలు జిల్లాలో ఏవో, పడకలు ఎన్నో, ఖర్చెంతో జాబితా ప్రకటించాలి. గుర్తింపు లేని చోటికి వెళ్లి లక్షలు పోసి, చట్టం ఇచ్చిన రక్షణ కూడా లేకుండా మిగిలిపోయే కుటుంబాలు ఉండకూడదు.

7. గంజాయి మాట వినగానే నాడి కూడా చూడకుండా రోగిని పంపేసిన ఆసుపత్రి మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందో చెప్పండి. మేము అర్జీ పట్టుకుని తిరిగినట్టు ఇంకొకరు తిరగకూడదు.

ఇందులో కొత్త భవనం లేదు, కొత్త పోస్టులు లేవు. ఒక ఆదేశం, ఒక బోర్డు, ఒక పేజీ, ఒక జాబితా. ఖర్చు లేదు కాబట్టి నిధులు లేవన్న జవాబు రాదని నమ్ముతున్నాను. ఇలా చెబితే పిల్లలకు అలుసు ఇచ్చినట్టవుతుందని కొందరు పెద్దలు అన్నారు. క్యాజువాల్టీలో ఇన్నేళ్లు చేసినదాన్నిగా చెబుతున్నాను: ఆ రాత్రి మావాడు పడిన భయం చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. వైద్యం దొరుకుతుందని ఎవరూ విషం మొదలుపెట్టరు. వైద్యం చేసిన చోటే మానమని చెప్పే మొదటి అవకాశం కూడా దొరుకుతుంది. మావాడికి ఆ చిన్న డాక్టరు చెప్పిన మాటలు మేమందరం కలిసి చెప్పినవాటికంటే బాగా ఎక్కాయి.

ఈ లేఖ ప్రతులను మీ మీ కార్యాలయాల్లో మళ్లీ అందజేసి రశీదు తీసుకుంటున్నాం. ఏడు డిమాండ్లలో ఏవి చేస్తారో, ఏవి చేయరో, చేయలేనివాటికి కారణమేమిటో నెల రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద శాఖలవారీగా దరఖాస్తులు వేస్తాం. పిల్లల పేర్లు బయటపెట్టకుండా, తమకు ఎదురైనది చెప్పడానికి సిద్ధంగా ఉన్న తల్లిదండ్రులను కూడా మీ ముందుకు తీసుకొస్తాం. మమ్మల్ని పిలిచి మాట్లాడతామంటే ఏ రోజైనా వస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, సంతకాలు పెట్టిన ఇరుగుపొరుగువాళ్ల తరఫున,
కంచరపాలెం, విశాఖపట్నం